కొత్త కాంపౌండ్ బో (కప్పీల విల్లు) కొంటే నా గురి బాగుపడుతుందా? లాగే బరువు 70 పౌండ్లు అవసరమా?

ఫ్రిస్కో_రాజు
పోయిన సీజన్‌లో జరిగింది ఇంకా నిద్రపట్టనివ్వడం లేదు. 28 గజాల్లో లేడి పక్కకి తిరిగి నిలబడి ఉంది. ఊపిరి బిగబట్టి వదిలాను. బాణం వెళ్లేలోపే అది కిందికి కుంగింది. గుండె వెనక తగలాల్సింది వీపు పైభాగాన, కాస్త ఎడమగా తగిలింది. పొద్దుపోయేదాకా వెతికాను, మర్నాడు స్నేహితుణ్ణి తీసుకెళ్లి వెతికాను, దొరకలేదు. ఆకుల మీద నాలుగు చుక్కల రక్తం, అంతే.
నాది గరాజ్ సేల్‌లో కొన్న పాత విల్లు, 60 పౌండ్లు. నిన్న షాపుకెళ్తే ఈ ఏడు వచ్చిన కొత్త మోడల్ చేతికిచ్చాడు. స్పీడు సెకనుకి 340 అడుగులట. 70 పౌండ్ల లింబ్స్ (విల్లులో వంగే పై, కింది భాగాలు) తీసుకోమన్నాడు. ఒట్టి విల్లే 1,300 డాలర్లు, సైట్, రెస్ట్, స్టెబిలైజర్ కలిపితే 1,900 దాటుతుంది. టెక్సాస్‌లో ఆర్చరీ సీజన్ సెప్టెంబర్ ఆఖర్లోనో అక్టోబర్ మొదట్లోనో మొదలవుతుంది. అంత స్పీడుంటే జింక కుంగేలోపు బాణం తగులుతుందా? ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు, వయసు 38.

విస్కాన్సిన్_శీను
తగలదు తమ్ముడూ. లెక్క చూడు. 28 గజాలంటే 84 అడుగులు. నీ పాత విల్లు 265తో కొడుతోందనుకో, బాణానికి దాదాపు 0.32 సెకను. కొత్తది నీ చేతుల్లో 285 ఇచ్చిందనుకో, 0.29. నువ్వు 1,900 డాలర్లు పెట్టి కొనేది సెకనులో వందో వంతులు రెండో మూడో. తాడు చప్పుడు జింక చెవికి 0.08 సెకనులోపే చేరుతుంది. అది పరిగెత్తడానికే ముందు కాళ్లు మడుస్తుంది, ఒక్కసారిగా కాళ్లు వదిలేసినట్టు పడుతుంది. మిగిలిన కాస్త టైములోనే నాలుగైదు అంగుళాలు దిగిపోతుంది. ఊపిరితిత్తుల మీద పెట్టిన గురి వీపుకి పోవడానికి అది చాలు.
చప్పుడు తక్కువున్న విల్లు, బరువైన బాణం, 20 గజాల్లోపు దూరం. ఈ మూడూ స్పీడు కన్నా ఎక్కువ పనిచేస్తాయి. ఇంకోటి, తల ఎత్తి చెవులు నిక్కబొడిచి చూస్తున్న జింక మీద వదలొద్దు. మేస్తున్నప్పుడు వదులు.

డీర్‌క్యాంప్_బాబు
శీను అన్న చెప్పినదాంట్లో సగమే ఒప్పుకుంటాను. 265 వేరు, 285 వేరు. దూరం రెండు మూడు గజాలు తప్పుగా అంచనా వేసినా వేగమైన బాణం కాస్త కాపాడుతుంది. అడవిలో ప్రతిసారీ దూరం కొలిచే రేంజ్‌ఫైండర్ తీసే టైము ఉండదు. పైగా కొత్త విల్లులు నిజంగా నిశ్శబ్దం. నేను పోయినేడు మార్చాను, వదిలాక చేతిలో వణుకన్నదే లేదు.

టూసాన్_టెక్
విల్లులు బాగుచేసే షాపులో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను కాబట్టి ఆ 340 ఎక్కడిదో చెప్తాను. ఆ అంకె 70 పౌండ్లు, 30 అంగుళాల డ్రా లెంగ్త్ (తాడు వెనక్కి లాగే దూరం), 350 గ్రెయిన్ల తేలిక బాణంతో కొలిచింది. తాడు మీద పీప్ (గురి చూసే చిన్న కన్నం) కూడా ఉండదు. డ్రా లెంగ్త్ అంగుళం తగ్గితే సుమారు 10 అడుగులు పోతాయి. బాణం బరువు మూడు గ్రెయిన్లు పెరిగితే ఒక అడుగు పోతుంది. వేటకి మీరు వేసేది 430 గ్రెయిన్లు అనుకుందాం, అక్కడ 27 పోయాయి. మీ ఎత్తుకి డ్రా 28 లోపే ఉంటుంది, ఇంకో 20, 25 పోయాయి. పీప్, డి లూప్ (తాడుకి కట్టే చిన్న ఉచ్చు) కలిపి ఓ ఐదు. మిగిలింది 285. అది 70 పౌండ్లు లాగితే. 60కి దించితే ఇంకో 20 పోతుంది.
రాజు గారూ, విల్లు సంగతి పక్కన పెట్టి ఒక పని చేయండి. గోడకి వీపు ఆనించి చేతులు బార చాపండి. ఒక మధ్యవేలి కొస నుంచి రెండో మధ్యవేలి కొసకి కొలవండి. అంగుళాల్లో వచ్చిన దాన్ని 2.5తో భాగించండి. ఎంతొచ్చిందో ఇక్కడ రాయండి. మీ పాత విల్లు కామ్ (చివరనుండే కప్పీ) మీద చిన్న అక్షరాల్లో డ్రా లెంగ్త్ రాసి ఉంటుంది, అదీ చూడండి.

కొత్తబాణం
ఫాలో అవుతున్నా. నేనూ కొనాలనుకుంటున్నా, హైదరాబాద్.

ఫ్రిస్కో_రాజు
మా ఆవిడ టేపు పట్టుకుంది. 68.5 అంగుళాలు. అంటే 27.4. పాత విల్లు కామ్ మీద చూస్తే 29 అని ఉంది!! మూడేళ్లుగా దీంతోనే వేస్తున్నాను.

టూసాన్_టెక్
దొరికింది. ఒక ప్రశ్న. ఎడమ ముంజేతి లోపలివైపు తాడు తగిలి కమిలిన మచ్చ ఉంటుందా?

ఫ్రిస్కో_రాజు
ఎప్పుడూ ఉంటుంది. అందరికీ ఉంటుందనుకున్నాను. చలికాలం జాకెట్ వేసుకుంటే స్లీవ్‌కి కొట్టుకుంటుంది.

బెజవాడ_విలుకాడు
అందరికీ ఉండదు రాజు గారూ. మా దగ్గర చిన్నపిల్లలకి కూడా ఉండకూడదు. ఒకటిన్నర అంగుళం ఎక్కువ డ్రాతో లాగుతున్నారంటే మీ ఎడమ మోచెయ్యి పూర్తిగా బిగిసి లోపలికి తిరుగుతుంది, తాడు దార్లోకి ముంజెయ్యి వస్తుంది. తల వెనక్కి వాలుతుంది. ముక్కు తాడుకి ఆనదు. రోజుకోరకంగా ఆనిస్తారు కాబట్టి పీప్‌లోంచి చూసే కోణం రోజుకోరకంగా మారుతుంది. మీరు రాసిన ‘కాస్త ఎడమగా’ అక్కడిదే. తాడు స్లీవ్‌కి తగిలిందంటే బాణం పక్కకి జరిగినట్టే. జింక కుంగడం ఒక కారణం, ఇది రెండోది. ఈ రెండోది మీ చేతుల్లో ఉంది.
నేను వేటాడను, 50 మీటర్ల టార్గెట్ మనిషిని. కాంపౌండ్‌కి అక్కడ పెట్టే టార్గెట్‌లో పది వలయం 8 సెంటీమీటర్లు, మన టీ సాసరంత కూడా కాదు. 2023లో హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్ ఫైనల్లో మన జ్యోతి సురేఖ 15 బాణాలకి 150లో 149 కొట్టింది. ఒక్క బాణం తొమ్మిదిలో పడింది, మిగిలిన పద్నాలుగూ ఆ సాసర్‌లోనే. అంతర్జాతీయ పోటీల్లో కాంపౌండ్‌కి 60 పౌండ్లు దాటకూడదని రూలు. మగవాళ్లకీ అంతే. అంత గురి 60 లోపే వస్తున్నప్పుడు 28 గజాలకి 70 ఎందుకు?

డీర్‌క్యాంప్_బాబు
టార్గెట్‌కి రంధ్రం పడితే చాలు అన్నా. జంతువుకి బాణం రెండోవైపుకి వెళ్లాలి. ఎల్క్ లాంటి పెద్ద జంతువుకి పక్కటెముక తగిలితే 50 పౌండ్ల విల్లు బాణం మధ్యలోనే ఆగిపోవచ్చు. దాన్ని బాధపెట్టకుండా పడగొట్టాలనే కదా 70 అనేది.

హ్యూస్టన్_లక్ష్మి
బాబు గారూ, నాది 45 పౌండ్లు, డ్రా 26 అంగుళాలు. అడవి పందుల్ని వేస్తాను. పొలం యజమాని పిలిస్తే వెళ్తాం. టెక్సాస్‌లో ప్రైవేటు భూమిలో యజమాని అనుమతి ఉంటే అడవి పందికి 2019 నుంచి లైసెన్సు కూడా అక్కర్లేదు. 18 గజాల్లో నా బాణం పందికి ఇటు దూరి అటు వచ్చి మట్టిలో దిగింది. పంది భుజం మీద గట్టి చర్మం ఎంత మందమో మీకు తెలుసు. నేను వాడేది కదలని రెండు రెక్కల బ్రాడ్‌హెడ్ (వేట ములికి), బ్లేడుతో చేతి వెంట్రుకలు గీస్తే ఊడాలి, అంత పదును. తగలగానే విచ్చుకునే మెకానికల్ ములికి అయితే విచ్చుకోవడానికే బలం ఖర్చవుతుంది, 45 పౌండ్లకి అది పనికిరాదు. బలం తక్కువైతే ములికి మార్చాలి, దూరం తగ్గించాలి.
రాజు గారికి ఇంకో మాట. హెచ్1బీ వాళ్లు చాలామంది తుపాకీ చట్టాల భయంతో దీని జోలికే రారు. ఫెడరల్ చట్టంలో విల్లు తుపాకీ కిందకి రాదు. హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు, లైసెన్సు మాత్రం మీ రాష్ట్రంలో చూసుకోండి.

విస్కాన్సిన్_శీను
లక్ష్మి గారి పోస్టుకి వంద దండాలు. బాబూ, ఎల్క్ విషయంలో నీ మాట కాదనను. కానీ రాజు వేసేది టెక్సాస్ తెల్లతోక జింక, అది మా విస్కాన్సిన్ జింక కన్నా చిన్నది.
70 పౌండ్ల పరీక్ష ఇంట్లోనే ఉంది. కుర్చీలో కూర్చుని రెండు కాళ్లూ నేల మీంచి పైకెత్తు. విల్లు టార్గెట్ వైపు నేరుగా పట్టుకుని మెల్లగా లాగు. ముందు విల్లుని ఆకాశానికెత్తి, భుజం కుదిపి లాగాల్సి వచ్చిందంటే ఆ బరువు నీది కాదు. షాపులో వెచ్చగా, ఒళ్లు వేడెక్కాక లాగడం వేరు. మైనస్ 10లో చెట్టు మీద మూడు గంటలు కదలకుండా కూర్చుని, నాలుగు పొరల బట్టల్లో లాగడం వేరు. నేను 70 నుంచి 58కి దిగి ఆరేళ్లైంది. అప్పటినుంచి ఒక్క జింక కూడా తప్పిపోలేదు.
చెట్టెక్కితే నేల వదిలిన క్షణం నుంచి ఒళ్లంతా పట్టి ఉంచే సేఫ్టీ బెల్టు (హార్నెస్) ఉండాలి. ఈ వేటలో మనుషులకి దెబ్బలు తగిలేది ఎక్కువగా చెట్టు మీంచి పడే.

కృష్ణలంక_పద్మ
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి, నా బాధ కూడా ఇలాంటిదే. మా అమ్మాయికి 13. ఏడాదిగా అకాడమీకి వెళ్తోంది, అక్కడి విల్లుతోనే వేస్తుంది. సొంతంగా ఉండాలని ఒక దుకాణంలో అడిగితే కొత్త మోడల్ వచ్చింది, అన్నిటికీ పనికొస్తుంది అని లక్షా అరవై వేలకి ఇచ్చారు. చిన్న విల్లు కదా, పిల్లకి బాగుంటుందనుకున్నాం. కోచ్ చూసి ఇది వేట విల్లమ్మా అన్నారు. పిల్ల లాగలేక ఏడ్చింది. దుకాణంవాళ్లు వెనక్కి తీసుకోం అంటున్నారు. నిజంగా అంత తేడా ఉంటుందా? చూడ్డానికి రెండూ ఒకేలా ఉన్నాయి.

బెజవాడ_విలుకాడు
పద్మ గారూ, తేడా చాలా ఉంటుంది. రెండు చివర్లా కప్పీల్లాంటి కామ్‌లు ఉన్నాయి కదా, ఆ రెండింటి ఇరుసుల మధ్య ఎంత దూరం ఉందో కొలవండి. 30, 31 అంగుళాలుంటే వేట విల్లు. చెట్టు మీదా పొదల్లోనూ కొమ్మలకి తగలకుండా పొట్టిగా చేస్తారు. టార్గెట్ విల్లు 36 నుంచి 40 దాకా ఉంటుంది. పొడుగు విల్లు చేతిలో కదలదు, వదిలేటప్పుడు చెయ్యి కాస్త ఒణికినా క్షమిస్తుంది. పొట్టి విల్లు పూర్తిగా లాగినప్పుడు తాడు మొహం దగ్గర బాగా ఇరుకు కోణంలో వంగుతుంది.
రెండోది లాగే బరువు. మీ విల్లు లింబ్ మీద 50-60 అనో 60-70 అనో స్టిక్కర్ ఉంటుంది. బోల్టులు ఎంత వదులు చేసినా అది సాధారణంగా పది పౌండ్లే దిగుతుంది. మీ అమ్మాయికి ఇప్పుడు 30 చుట్టుపక్కల చాలు. మూడోది డ్రా. ఈ వయసులో ఏడాదికి అంగుళం పెరిగినా పెరుగుతుంది. కాబట్టి కామ్ మీదుండే మాడ్యూల్ తిప్పి డ్రా మార్చుకునే విల్లు కావాలి, లేకపోతే ప్రతి ఏడూ కామ్‌లు కొనాలి.
రేపు ఆ స్టిక్కర్, కామ్ మీద అంకె రెండూ ఫోటో తీసి, అమ్మాయి బార కొలత, కోచ్ రాసిచ్చిన కాగితం కలిపి దుకాణానికి తీసుకెళ్లండి. వయసు చెప్పి అడిగినా ఇది ఇచ్చారు అన్నదాని మీదే గట్టిగా నిలబడండి.

కృష్ణలంక_పద్మ
కొలిచాను. ఇరుసుల మధ్య 31. స్టిక్కర్ 50-60. అమ్మాయి బార 60 అంగుళాలు, అంటే డ్రా 24. కామ్ మీద అంకెలు 26 నుంచే ఉన్నాయి. ఏ కొలతా కలవలేదు.
ఇంకో సంగతి అడగాలి. మా ఆయన, వాళ్ల అన్నయ్య అందరూ రికర్వ్‌కి (కప్పీలు లేని విల్లు) మార్చెయ్, ఒలింపిక్స్‌లో కాంపౌండ్ లేదు కదా అంటున్నారు.

బెజవాడ_విలుకాడు
ఆ మాట పాతబడింది. 2028 లాస్ ఏంజెలెస్‌లో కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్ పెడుతున్నట్టు 2025 ఏప్రిల్‌లోనే ప్రకటించారు. ఒలింపిక్స్‌లో కాంపౌండ్ రావడం ఇదే మొదటిసారి. ఒక్క పతకమే, ఒక అమ్మాయి, ఒక అబ్బాయి కలిసి ఆడాలి. కానీ తలుపు తెరుచుకుంది. హాంగ్‌జౌలో కాంపౌండ్ స్వర్ణాలు ఐదుకి ఐదూ మనవే. సురేఖ ఒక్కతే మూడింట్లో ఉంది. తెలంగాణ నుంచి తానిపర్తి చికిత 2025లో అండర్ 21 ప్రపంచ స్వర్ణం తెచ్చింది. మన బెజవాడలో ఒక పిల్లని ఈ ఆట నుంచి తప్పించడానికి కారణమే కనిపించదు నాకు. అమ్మాయికి ఏది ఇష్టమో అది వెయ్యనివ్వండి.

నల్లమల_గాలి
టార్గెట్ ఆట అంటే నాకూ ఇష్టమే. కానీ వేట అనే మాట ఇంత మామూలుగా రాస్తుంటే మనసు ఒప్పుకోవడం లేదు. మన దగ్గర 1972 వన్యప్రాణి చట్టం తెచ్చి ఎన్ని తంటాలు పడితే ఈ జింకలు మిగిలాయి? దుకాణాల్లో మాంసం దొరికే దేశంలో ఉండి సరదాకి చంపడం ఎందుకు?

విస్కాన్సిన్_శీను
అడగాల్సిన ప్రశ్నే. నా సంగతి చెప్తాను. ఇక్కడ తోడేళ్లు, కొండసింహాలు చాలా చోట్ల లేవు. జింకలు మక్క చేలల్లోకి, హైవేల మీదికి వస్తాయి. రాష్ట్రం ఏటా లెక్క చూసి ఏ కౌంటీలో ఎన్ని ట్యాగులో (వేటకిచ్చే అనుమతి చీటీలు) నిర్ణయిస్తుంది. ట్యాగు లేకుండా ముట్టుకోలేం. నేను ఏడాదికి ఒకటి, రెండు తెస్తాను. మా ఇంట్లో నాలుగు నెలలు బయటి మాంసం కొనం. మా అమ్మ ఇక్కడికొచ్చినప్పుడు దాంతోనే గోంగూర మాంసం వండింది. ఇండియాలో విల్లు పట్టుకుని అడవికెళ్లమని ఎవరికీ చెప్పను, అది నేరం. నేను పుట్టిన ఊళ్లో చేయని పని ఇక్కడ చట్టం ఒప్పుకుంది కాబట్టి, తినడానికి చేస్తున్నాను. సరదా అన్న మాట మాత్రం ఒప్పుకోను. రాజు రాసిన మొదటి పోస్టు చూడండి, ఆ లేడి కోసం రెండు రోజులు వెతికాడు.

నల్లమల_గాలి
తినడానికి అంటే సరే. రాజు గారి పోస్టు మళ్లీ చదివాను, ఆ మనిషి బాధ నిజమే. అందుకే ఒక మాట చెప్తాను. మాది మన్ననూరు వైపు. చిన్నప్పుడు మా ఇంటికి తేనె తెచ్చే చెంచు తాత ఉండేవాడు. వెదురు విల్లు చేసి మాకు ఆడుకోవడానికి ఇచ్చేవాడు. మేం పెరటి చివర్నుంచి జామకాయని కొడతామని ఎగబడితే విల్లు లాక్కునేవాడు. దాని మచ్చలు కనపడేంత దగ్గరికెళ్లి కొట్టండిరా అనేవాడు. ఆ మాట ఇక్కడ శీను గారు చెప్పిన 20 గజాలు చదవగానే గుర్తొచ్చింది.

కొత్తబాణం
తాత మాట స్క్రీన్‌షాట్ తీసుకున్నా. ఒక డౌటు. షాపులో బాణం లేకుండా ఊరికే లాగి వదిలి చూడొచ్చా, ఫీల్ కోసం?

టూసాన్_టెక్
వద్దు! ఎప్పుడూ వద్దు. లాగితే లాగండి, మళ్లీ మెల్లగా ముందుకి దించండి. వదలొద్దు. లాగేటప్పుడు కూడా బాణం ఎక్కించి, టార్గెట్ ఎదురుగా పెట్టుకునే లాగండి.
లింబ్స్‌లో దాచుకున్న బలమంతా వదలగానే బాణంలోకి వెళ్లాలి. బాణం లేకపోతే ఆ బలం విల్లులోకే తిరిగి వస్తుంది. రెండేళ్ల కిందట మా షాపులో ఒకాయన డిస్‌ప్లేలో ఉన్న విల్లు తీసి, నేను వద్దనేలోపు లాగేశాడు. వేలు జారి రిలీజ్ (తాడు పట్టి వదిలే పరికరం) ట్రిగ్గర్‌కి తగిలింది. తుపాకీ పేలినట్టు చప్పుడు. పై కామ్ ఇరుసు వంగింది, తాడు గాడిలోంచి ఊడి కేబుల్స్ అన్నీ చేతికి చుట్టుకున్నాయి. లింబ్ నిలువునా చీలి సన్నటి ఫైబర్ ముళ్లు లేచాయి. ఒకటి ఆయన బొటనవేలి గోరు కిందికి దిగింది. పట్టకారుతో తీసేసరికి ఆయన మొహం పాలిపోయింది. కంటికి తగిలుంటే? అప్పట్నుంచి షాపులో విల్లులన్నీ తాళం వేసి పెడుతున్నాం.
పాత విల్లు కొనేటప్పుడు దూది ఉండతో లింబ్స్ మీద పైనుంచి కిందికి రుద్దండి. ఎక్కడైనా దూదిపోగు చిక్కుకుంటే అక్కడ చీలిక ఉంది, కొనకండి.

కొత్తబాణం
అమ్మో. అయితే జనక మహారాజు సభలో రాముడు విరిచింది కూడా ఇలాంటిదేనా? బాణం లేకుండానే కదా లాగాడు :)

హ్యూస్టన్_లక్ష్మి
ఆ విల్లుకి వారంటీ అడగడానికి పరశురాముడే స్వయంగా వచ్చాడు :)

టూసాన్_టెక్
నవ్వలేక చస్తున్నా :)

సైదాబాద్_సెంటర్
రాజు గారూ, డ్రా సంగతి తేలింది బాగుంది. కానీ మీరు ‘ఊపిరి బిగబట్టి వదిలాను’ అన్నారు చూడండి, అక్కడ ఇంకోటి ఉంది. మీరు వాడేది చూపుడువేలి ట్రిగ్గర్ రిలీజా? సైట్‌లోని పిన్ను గురి మీదికి రాగానే టక్కున నొక్కేస్తారా?
నాకు అదే జబ్బు ఉండేది. దీన్ని టార్గెట్ పానిక్ అంటారు. చివరికి ఎలా అయ్యిందంటే పిన్ను టార్గెట్ మధ్యలోని పసుపు రంగు కింద ఆగిపోయేది. పైకి ఎత్తుదామన్నా చెయ్యి కదిలేది కాదు. చెయ్యి మొద్దుబారిందేమోనని డాక్టర్‌కి కూడా చూపించాను. జబ్బు చేతిలో లేదు, గురి కుదరగానే ‘ఇప్పుడే’ అని మనసు అరవడంలో ఉంది. పిన్ను పసుపుని తాకగానే వేలు నొక్కేస్తుందని భయపడి చెయ్యే అటు వెళ్లడం మానేసింది.
మూడు వారాలు టార్గెట్ కాగితం తీసేశాను. రెండు గజాల దూరంలో ఒట్టి గడ్డి దిమ్మ. కళ్లు మూసుకుని లాగడం, వీపు కండరాలు బిగించుకుంటూ పోవడం, దానంతట అది వదులుకునే దాకా ఆగడం. రోజుకి నలభై బాణాలు. బొటనవేలి రిలీజ్‌కి మారాను. నాలుగో వారంలో కాగితం పెడితే మొదటి బాణం ఎప్పుడు వెళ్లిందో నాకే తెలియలేదు. పదిలో ఉంది. దిమ్మ ముందే కూర్చుండిపోయాను, కళ్లలో నీళ్లు తిరిగాయి. కొత్త విల్లు కొని ఉంటే ఆ జబ్బు కూడా నాతోపాటు కొత్త విల్లులోకి వచ్చేది.

ఫ్రిస్కో_రాజు
చూపుడువేలి ట్రిగ్గరే. టక్కున నొక్కేది నిజమే. మీకెలా తెలిసింది?

సైదాబాద్_సెంటర్
మూడేళ్లు నేనూ ఊపిరి బిగబట్టాను కాబట్టి.

డీర్‌క్యాంప్_బాబు
ఇది చదివాక నేను కూడా వీడియో తీసుకుని చూశాను. నేనూ నొక్కేస్తున్నాను. కొత్త విల్లు వల్ల వణుకు లేదు కాబట్టి తెలియలేదు, అంతే.

ఫ్రిస్కో_రాజు
అయితే కొత్తది కొనొద్దా? పాత దానికి 27.5 పెట్టిస్తే స్పీడు ఇంకా తగ్గి 250కి వస్తుంది కదా?

టూసాన్_టెక్
వస్తుంది. 250తో ఊపిరితిత్తుల్లో దిగిన బాణం 285తో వీపుకి తగిలిన బాణం కన్నా మేలు.
కొత్తవి చెడ్డవని నేననను. రోజూ చేతులతో పట్టుకుంటాను, ఈమధ్య వస్తున్నవి నిజంగా బాగున్నాయి. విల్లుని ప్రెస్‌లో (లింబ్స్‌ని వంచి పట్టుకునే యంత్రం) పెట్టకుండానే లింబ్స్‌ని కాస్త పక్కకి జరిపి బాణం సూటిగా వెళ్లేలా సర్దుకోవచ్చు. ముందు ఆ పనికి నాకు గంట పట్టేది. కానీ మూలం అదే. మిస్సోరీలో హాలెస్ విల్బర్ అలెన్ 1969లో పేటెంట్ తీసుకున్న కప్పీల ఉపాయమే. పూర్తిగా లాగాక బరువులో 80 శాతం కామ్‌లు మోస్తాయి, 60 పౌండ్ల విల్లుకి మీ వేళ్ల మీద ఉండేది 12. ఆ 12 పౌండ్లు పట్టుకుని నింపాదిగా గురి చూసుకునే టైము ఇవ్వడానికే ఈ విల్లు పుట్టింది. ఆ టైము వాడుకోకుండా టక్కున వదిలేస్తే ఏ మోడలైనా ఒకటే.
కొనాలనే ఉంటే కొత్త వేట విల్లులు ఎక్కువగా అక్టోబర్ నుంచి జనవరి లోపు వస్తాయి. అప్పుడు ఏడాది పాతవాటి ధర దిగుతుంది. అప్పుడు చూడండి. ముందు పాత దానికి మాడ్యూల్ దొరుకుతుందేమో అడగండి, దొరికితే కొత్త తాడు కూడా వేయించండి. గరాజ్ సేల్‌లో కొన్నారంటే ఆ తాడు ఎన్నేళ్లదో ఎవరికీ తెలియదు. టెక్సాస్ ఎండలో కార్లో మాత్రం వదలొద్దు.

కృష్ణలంక_పద్మ
బెజవాడ ఎండ సంగతి కూడా రాయండి. మే నెలలో స్కూటీ మీద తీసుకెళ్తున్నాం.

బెజవాడ_విలుకాడు
తడిగుడ్డ కప్పొద్దు, చాలామంది అదే చేస్తారు. ముదురు రంగు సంచి కాకుండా తెల్ల సంచిలో పెట్టండి, గ్రౌండ్‌లో చెట్టు నీడన స్టాండ్ మీద ఉంచండి. ఎండకి తాడు సాగితే పీప్ తిరుగుతుంది, పిల్లకి చీకటిగా కనపడుతుంది, తప్పు తనదే అనుకుంటుంది. తాడుకి వారం వారం మైనం రాయండి.

ఫ్రిస్కో_రాజు
ఐదు వారాల తర్వాత రాస్తున్నాను. మాడ్యూల్ దొరికింది. డ్రా 27.5 పెట్టించి, కొత్త తాడు, కేబుల్స్ వేయించాను. బరువు 58. అంతా కలిపి 240 డాలర్లయింది. మొదటిరోజు లాగినప్పుడు చెయ్యి పొట్టిగా అయిపోయినట్టు, ఎవరో నన్ను వెనక్కి నెట్టినట్టు అనిపించింది. ముక్కు తాడుకి ఆనింది. మూడేళ్లలో మొదటిసారి. ముంజేతి మచ్చ పోయింది, మా ఆవిడే ముందు గమనించింది.
సైదాబాద్ గారు చెప్పినట్టు గడ్డి దిమ్మ ముందు మూడు వారాలు వేశాను. తర్వాత బ్రాడ్‌హెడ్స్‌తో 20 గజాల్లో మూడు బాణాలు నా అరచేతి కింద కప్పేంత దగ్గరగా పడ్డాయి. 30లో ఇంకా అంత నమ్మకం లేదు, కాబట్టి నా హద్దు 20.
శనివారం సీజన్ మొదలైంది. సాయంత్రం 17 గజాల్లో లేడి. తల దించి మేస్తోంది. మెల్లగా లాగాను, ఊపిరి వదిలేశాను, వీపు బిగించుకుంటూ ఉండిపోయాను. అది కుంగలేదు. బాణం అటువైపు వచ్చి మట్టిలో నిలబడింది. శీను అన్న ఎప్పుడో ఇంకో చర్చలో రాసినట్టు అరగంట చెట్టు మీదే కూర్చున్నాను, దిగాలనిపించినా దిగలేదు. అరవై గజాల్లో దొరికింది. దాని మెడ మీద చెయ్యి వేసి కాసేపు కూర్చున్నాను. పోయినేడు దొరకనిది గుర్తొచ్చింది.

విస్కాన్సిన్_శీను
చదివి కడుపు నిండింది తమ్ముడూ. గోంగూర పంపనా?

నల్లమల_గాలి
అది బాధపడకుండా పోయినందుకు సంతోషం రాజు గారూ.

కృష్ణలంక_పద్మ
మాదీ చెప్పాలి. కోచ్ కాగితం, ఫోటోలు చూపించి మూడుసార్లు తిరిగితే దుకాణంవాళ్లు విల్లు తీసుకుని వేరేది ఇచ్చారు. ఇంకో ఇరవై రెండు వేలు కట్టాం. ఇరుసుల మధ్య 36, డ్రా 24కి పెట్టారు, బరువు 29. నిన్న 30 మీటర్ల నుంచి ఆరు బాణాల్లో నాలుగు పసుపులో వేసింది. కానీ పీప్ కాస్త పక్కకి తిరుగుతోంది అంటోంది. ఎండకా?

టూసాన్_టెక్
కొత్త తాడు కదండీ, ఇంకా సర్దుకుంటోంది. ఇంకో వంద బాణాలు వేశాక చూడండి. అప్పటికీ తిరిగితే కోచ్‌తో తాడుని సగం చుట్టు తిప్పించండి. మీరు మాత్రం ప్రెస్ లేకుండా తాడు విప్పకండి.